తప్పంతా గుడ్డదే

మా మావయ్య దుకాణంలో ముప్పై ఏళ్లుగా ఏ ఆడమనిషీ లావెక్కలేదు. మనుషులు ఉన్నట్టే ఉండేవారు, గుడ్డలే కుంచించుకుపోయేవి.

మావయ్య టైలరు. "మొన్న కుట్టిన కోటండీ, బొత్తాం పట్టడం లేదు" అని ఎవరైనా వస్తే చాలు, ఆ కోటు లాక్కుని, వెలుతురుకి పట్టి, తిట్ల దండకం మొదలుపెట్టేవాడు.

"ఛీ, ఇదేం గుడ్డమ్మా! రెండు ఉతుకులకే ముడుచుకుపోయింది. మిల్లువాడికి సిగ్గుండాలి!"

"ఇంతవరకూ ఉతకనే లేదండీ" అంది ఒకావిడ.

మావయ్య తడుముకోలేదు. "మరదే! ఉతక్కుండా పెట్టెలో పెడితే ముడుచుకోదూ?"

కొలతలు పైకి చదివేవాడు కూడా కాదు. టేపు వేసి, గోడవైపు తిరిగి, చెవి మీది పెన్సిలు తీసి పుస్తకంలో గీకేవాడు. వెంటనే టేపును గుప్పిట్లో చుట్టేసేవాడు, పక్కవాడు కాపీ కొడతాడేమోనని జవాబు దాచుకునే పిల్లాడిలా.

ఈ కథలన్నీ నలుగురిలో చెప్పి నవ్వించేవాణ్ణి నేనే. అక్కని చూపించి నవ్వించిందీ నేనే. అది చెప్పడానికే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అక్క పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసేది. ఏడాదిలో ఆమె యూనిఫాం కోటు మూడుసార్లు బిగుతైంది. తిండి సగానికి తగ్గించింది, పొద్దున్నే నడిచేది. అయినా ఒళ్లు వస్తూనే ఉంది. మధ్యాహ్నానికే నిద్ర ముంచుకొచ్చేది. మేమంతా ఫ్యాను కింద కూర్చుంటే ఆమె స్వెటరు వేసుకునేది.

"అమ్మా, అక్క వస్తోంది, తలుపు రెండో రెక్క కూడా తియ్యి!" అనేవాణ్ణి. వంటింట్లో డబ్బాల మీద 'ఇంకో ముద్ద, ఇంకో సైజు' అని చీటీలు అంటించాను. అక్క నవ్వేది. నవ్వుతోంది కదా అనుకున్నాను.

మూడోసారి ఆమె కోటు పట్టుకెళ్తుంటే నేనూ వెంటపడ్డాను, మావయ్య అబద్ధం వినడానికి.

"ఛీ, ఇదేం గుడ్డ..." అని మొదలుపెట్టాడు.

"వద్దు మావయ్యా" అంది అక్క. "ఉద్యోగం మానేస్తున్నాను. కౌంటరు ముందు నిలబడి అందరూ చూసేది నన్నే. ఇంట్లో తమ్ముడు, అక్కడ ఊరంతా."

మావయ్య టేపు తీసి ఆమె మెడ చుట్టూ వేశాడు. పుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పాడు.

"ఏడాదిలో కాలరు రెండుసార్లు మార్చానమ్మా, ఇది మూడోసారి. మెడ ముందువైపు ఉబ్బింది. గొంతు బొంగురుపోయింది. ఇది నా సూదికి లొంగేది కాదు. పద, డాక్టరమ్మ దగ్గరికి."

"తిండి తగ్గిస్తే సరిపోతుందేమో..." అని నసిగాను.

"చీటీల పండితుడివి, నువ్వు నోరు ముయ్యి."

డాక్టరమ్మ మావయ్య పుస్తకాన్ని ఎక్స్‌రే చూసినంత శ్రద్ధగా చూసింది. రక్తపరీక్షలో థైరాయిడ్ హార్మోను బాగా తక్కువని తేలింది.

"ఆ గ్రంథి మందగిస్తే ఒళ్లంతా మందగిస్తుంది. తిన్నది సరిగ్గా ఖర్చవదు, ఒంట్లో నీరు చేరుతుంది. ఈ చలి, నీరసం, బరువు అన్నిటికీ అదే కారణం. ఆడవాళ్లలో ఇది ఎక్కువ. రోజూ మాత్ర వేసుకో, మెల్లగా దారికొస్తుంది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదమ్మా?"

"తప్పు నాదే అనుకున్నాను డాక్టరుగారూ" అంది అక్క. నావైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టినా బాగుండేది.

ఇంటికెళ్లి చీటీలు పీకేశాను. జిగురు మరకలు మాత్రం ఎంత రుద్దినా పోలేదు.

మర్నాడు మావయ్యని అడిగాను. "ఆ అబద్ధాలన్నీ ఎందుకు మావయ్యా?"

ఆయన ఒక కోటు తిరగేసి చూపించాడు. లోపలి కుట్టులో రెండు వేళ్ల వెడల్పు గుడ్డ మడిచి ఉంది. అడక్కుండానే అందరికీ అలా వదిలేవాడట, తర్వాత వదులు చెయ్యడానికి. "కొలత పైకి చెప్తే ఆవిడ దాన్ని ఇంటిదాకా మోసుకెళ్తుందిరా. గుడ్డకేం, ఎన్ని తిట్లయినా పడుతుంది."

అక్క ఉద్యోగం మానలేదు. ఏడాది తిరిగేసరికి కోటు కాస్త వదులైంది. "చూశావా, సాగిపోయింది! మిల్లువాడికి సిగ్గుండాలి!" అని మావయ్య మళ్లీ అందుకున్నాడు.

అదే అదనని నా ప్యాంటు ఆయన ముందు పెట్టాను. "ఇదీ ముడుచుకుపోయింది మావయ్యా."

ఆయన దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. నా నడుం చుట్టూ టేపు వేశాడు. గోడవైపు తిరగలేదు. వీధివైపు తిరిగి, ముప్పై ఏళ్లలో మొదటిసారి, కొలత పైకి చదివాడు.

"నలభై రెండు!"

ఎదురు దుకాణంవాళ్లు తలెత్తి చూశారు. అక్క స్టూలు మీద కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది.

మావయ్య ప్యాంటుని ఆప్యాయంగా నిమిరాడు. "గుడ్డ బంగారంరా" అన్నాడు.