వీడియోలో పెట్టని షాట్

2023 జూన్ నెల. తొలకరి ఇంకా పడలేదు, ఉక్క మాత్రం తగ్గలేదు. అమలాపురంలో మా మేడ మీది గదిలో బెంగుళూరు అమ్మాయితో వీడియో కాల్ ముగించి ఫ్యాను కింద కూర్చున్నాను. కింద నుంచి మావారు కేకేశారు. "నీకోసం ఎవరో వచ్చారు. ఉప్పలగుప్తం నుంచట."

నా పని గురించి ముందు రెండు మాటలు చెప్పాలి. మస్కట్‌లో ఒక స్కూల్లో చాలా ఏళ్లు వ్యాయామం టీచరుగా పనిచేశాను. అక్కడే గోల్ఫ్ నేర్చుకుని, ఆడపిల్లలకు ఆట నేర్పే కోచ్ దగ్గర సహాయకురాలిగా ఉన్నాను. తిరిగొచ్చాక, అమెరికా కాలేజీల గోల్ఫ్ జట్లలో చేరాలనుకునే అమ్మాయిలను అందుకు సిద్ధం చేయడమే వృత్తిగా పెట్టుకున్నాను. దీన్ని రిక్రూట్‌మెంట్ ప్రిపరేషన్ అంటారు. అమ్మాయి టోర్నమెంట్ స్కోర్లు, మార్కులు, బంతి కొట్టే తీరు చూపించే స్వింగ్ వీడియో కాలేజీ కోచ్‌కి పంపాలి. నచ్చితే కోచ్ వీడియో కాల్‌లో మాట్లాడతారు. అప్పుడు అమ్మాయి ఒక్కతే మాట్లాడాలి. అన్నీ కుదిరితే జట్టులో చోటు, దాంతోపాటు స్కాలర్‌షిప్పు వస్తాయి.

అప్పటిదాకా నా దగ్గరికి వచ్చినవాళ్లంతా హైదరాబాదు, బెంగుళూరు పిల్లలే. మా కోనసీమలో గోల్ఫ్ కోర్సే లేదు. అందుకే కింద వరండాలో రొయ్యల రైతు రాంబాబు గారు, ఆయన పక్కన గోల్ఫ్ సంచీ భుజానికి తగిలించుకున్న అమ్మాయి కనబడితే ఆశ్చర్యపోయాను.

"మా అమ్మాయి హారికండి. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంది. ఆ పక్కనే గోల్ఫ్ క్లబ్బండి. అక్కడ పట్టుబడిందండి ఈ ఆట," అన్నారు రాంబాబు గారు. "ఇంటర్ రెండో సంవత్సరం ఇక్కడే చదువుద్దండి. మీ గురించి తెలిసి వచ్చేం. దీన్ని అమెరికా పంపించాలండి."

"నీకు వెళ్లాలనుందా?" అని అమ్మాయినడిగాను.

"ఆయ్, ఎందుకుండదండీ!" అన్నారు రాంబాబు గారు.

హారిక నవ్వింది, అంతే. స్కోర్లు చూశాను. పెద్ద టోర్నమెంట్లలో పై వరసలో ఉన్నవే. చివరి టోర్నమెంట్ మాత్రం సగంలో ఆపేసింది. జ్వరమని చెప్పారు.

తర్వాతి వారం వీడియో తీయడానికి ఉప్పలగుప్తం వెళ్లాను. రాంబాబు గారి చెరువుల్లో ఒకదాన్ని రొయ్యలు పట్టేశాక ఎండబెట్టి వదిలేశారు. ఆ బీటలువారిన నేల మీద చాప పరిచి హారిక డ్రైవర్‌తో, అంటే దూరం కొట్టే పెద్ద కర్రతో, బంతులు కొట్టింది. బంతి ఆ చివర గట్టు దాటి వెళ్తుంటే చెరువు పనివాళ్లు చేతిలో పని వదిలేసి చూశారు. ఇసుకలోంచి బంతి లేపే బంకర్ షాట్‌కి ఓడలరేవు సముద్రపొడ్డుకు పోయాం. వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన, "అమ్మా, ఆ బంతులు సముద్రంలో పోతే మళ్లీ తెచ్చుకోడం కష్టం," అని హెచ్చరించాడు. ఒక్కటీ పోలేదు. ఇలాంటి చేయి నేను చాలా అరుదుగా చూశాను.

ఇక మిగిలింది పటింగ్. బంతిని నేల మీద నెమ్మదిగా దొర్లించి గుంటలో వేయడం. దానికోసం రాంబాబు గారు పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య నేల చదును చేయించి, పచ్చటి కృత్రిమ గడ్డి పరిపించారు.

"అది రేపు తీద్దామండి మేడం," అంది హారిక. మర్నాడు తలనొప్పి అంది. ఆ తర్వాత ఎండ కళ్లల్లో పడుతోందంది. నాలో అనుమానం మొదలైంది. ఒక మధ్యాహ్నం రాంబాబు గారు లేనప్పుడు వెళ్లి, "వీడియో వద్దులే, ఊరికే నాతో ఆడు," అన్నాను.

దూరం నుంచి కొట్టినవి బాగానే వెళ్లాయి. బంతి గుంటకు దగ్గరవుతున్న కొద్దీ ఆమె ఊపిరి మారింది. చిన్నపిల్లలు కూడా వేయగలిగేంత దగ్గర్లో బంతి ఆగింది. హారిక పటర్, అంటే పటింగ్‌కి వాడే కర్ర, వెనక్కి తీసింది. సరిగ్గా బంతిని తాకే క్షణాన కుడి మణికట్టు కరెంటు షాక్ కొట్టినట్టు ఎగిరిపడింది. బంతి గుంట పక్కనుంచి పోయి కొబ్బరి మొదలుకి తగిలింది.

దీన్ని యిప్స్ అంటారు. అదొక అదురు. పిరికితనం కాదు, చేతకానితనమూ కాదు. బాగా ఆడేవాళ్లకే ఎక్కువగా వస్తుంది. ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. కొందరికి పోదు కూడా.

వాళ్లమ్మ వెంకటలక్ష్మి గారు మంచినీళ్లు పట్టుకొచ్చి అక్కడే నిలబడిపోయారు. ఆవిడకి తెలుసు. "హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఏడ్చేదండీ. వాళ్ల నాన్నకి చెప్పొద్దని ఒట్టేయించుకుంది," అన్నారు.

"జ్వరం కాదన్నమాట," అన్నాను.

హారిక నా చేయి పట్టుకుంది. "మేడం, నాన్నకి చెప్పకండి. అక్కడికెళ్లేక అదే తగ్గిపోద్ది. దూరం నుంచి కొట్టినవి వీడియోలో పెట్టెయ్యండి. దగ్గరివి ఎవరడుగుతారండీ?"

నిజమే, చాలామంది కోచ్‌లు అడగరు. పైగా అప్పటికే ఒక మంచి కాలేజీ కోచ్ ఆమె పాత స్కోర్లు చూసి, వచ్చే వారం మాట్లాడదామని కబురుపెట్టారు. ఆ రోజు ఇంటికొస్తూ దారి పొడవునా భయపడుతూనే ఉన్నాను. చెప్తే ఈ అవకాశం పోవచ్చు. చెప్పకపోతే ఈ పిల్ల అంత దూరంలో, ఎవరూ లేని చోట, ఆ అదురుని ఒక్కతే దాచుకుంటూ బతకాలి. స్కాలర్‌షిప్పు ఏడాదికోసారి పొడిగిస్తారు. ప్రతి చిన్న పట్‌కీ చదువంతా పణంగా పెట్టినట్టే ఉంటుంది.

మర్నాడు హారికకి ఫోన్లో నా మాటగా ఒకటే చెప్పాను. "దూరం షాట్లు మాత్రమే పెట్టి, పటింగ్ బాగుందని నేను చెప్పలేనమ్మా. అలాగని నీకు తెలియకుండా ఎవరికీ చెప్పను. కోచ్‌తో ఏం చెప్పాలో నువ్వే ఆలోచించుకో. ఏం తేల్చుకున్నా నాకు చెప్పు."

హారిక ఫోన్ పెట్టేసింది. తర్వాత రెండు రోజులు నా ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు సాయంత్రం వెంకటలక్ష్మి గారు ఫోన్ చేశారు.

"హారిక మీ దగ్గరికేమైనా వచ్చిందాండీ? కాలేజీ నుంచి ఇంటికి రాలేదండి. ఫోన్ ఇంట్లోనే వదిలేసింది, గోల్ఫ్ సంచీ మాత్రం కనబడట్లేదండి."

నేనన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గట్టిగా అన్నానా? తొందరపెట్టానా? మావారి స్కూటర్ తీసుకుని బయల్దేరాను. దారిలో తెలిసిన ఆటో అబ్బాయిలను ఆపి అడిగాను. గోల్ఫ్ కర్రలున్న అమ్మాయి అనగానే ఒకతను, "ఆ పొడుగు సంచీ పాపాండీ? ఓడలరేవు దగ్గర దిగిందండి," అన్నాడు. రాంబాబు గారికి ఫోన్ చేసి, అటే పోనిచ్చాను. సముద్రం పేరు వినగానే మనసులో ఏమేం మెదిలాయో రాయడం నాకిష్టం లేదు.

ఒడ్డున, జనానికి దూరంగా, హారిక ఇసుకలో నిలబడి బంతులు కొడుతోంది. ఒకటి, ఇంకొకటి. అన్నీ సముద్రంలోకే. నన్ను చూసి ఆపలేదు. దగ్గరికెళ్లి కర్ర పట్టుకున్నాను. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"ఇక్కడ కొడితే చెయ్యి అదరదు మేడం," అంది. "ఎక్కడ పడినా పర్వాలేదు కదండీ."

ఆమెను ఇసుకలో కూర్చోబెట్టాను. అంతలో రాంబాబు గారి బండి వచ్చింది. ఆయన చెప్పులు ఇసుకలో కూరుకుపోతుంటే వదిలేసి పరుగెత్తుకొచ్చారు. కూతురి చేతులు తిప్పి చూశారు.

"ఏంటమ్మా ఇది? ఎవరేమన్నారు?"

ఆమె నా వైపు చూసింది. అది ఆమె చెప్పాల్సిన మాట. హారిక తల దించుకుని, దగ్గరి బంతి వేయలేకపోతున్నాననీ, చేయి తన మాట వినడం లేదనీ, జ్వరం అబద్ధమనీ ఒక్కొక్కటే చెప్పింది.

రాంబాబు గారు ఆమె పక్కన కూలబడ్డారు. "ఎప్పట్నించమ్మా?"

"చలికాలం నుంచి."

"మరి నాతో అనలేదేం?"

"మీరు అందరికీ చెప్పేసేరు కదా నాన్నా," అంది హారిక.

నిజంగానే ఉప్పలగుప్తంలో ఐసు ఫ్యాక్టరీ నుంచి మందుల షాపు దాకా, హారిక అమెరికా వెళ్తోందని తెలియనివాళ్లు లేరు. రాంబాబు గారు ఇసుకలో మిగిలిన బంతులు ఏరి సంచీలో వేసి, అది తనే భుజాన వేసుకున్నారు. "ఇంటికెళ్దాం పదమ్మా. మీ అమ్మ గుమ్మంలో నిలబడుంది," అన్నారు.

కోచ్‌తో కాల్ ఆ శనివారం పొద్దున్నే. కరెంటు పోతుందేమోనని ఇన్వర్టర్ ఉన్న మా గదిలోనే ఏర్పాటు చేశాను. రాంబాబు గారు కెమెరాకి కనబడకుండా గోడ పక్కన కూర్చున్నారు. హారిక కాళ్లు బల్ల కింద ఊగుతూనే ఉన్నాయి. ఏం చెప్పాలో తేల్చుకున్నానని మాత్రం అంది. ఏమిటో నేనడగలేదు.

కోచ్ మర్యాదస్తురాలు. చదువు గురించి అడిగారు, ఊరి గురించి అడిగారు. రొయ్యల చెరువులో సాధన అని విని నవ్వారు. మేం పంపిన డ్రైవర్, బంకర్ షాట్ల వీడియో చూశాననీ, స్వింగ్ చాలా బాగుందనీ అన్నారు. కాల్ ఇక ముగించబోతున్నారనిపించింది. అప్పుడు హారిక తన వచ్చీరాని ఇంగ్లీషులో, "మేడం, మీకొకటి చెప్పాలి. నాకు యిప్స్ ఉన్నాయి," అంది.

నెట్ ఆగిపోయిందేమోనని నేను తెర వైపు వంగాను. ఆగలేదు.

"చేయి అదిరినప్పుడు నువ్వేం చేస్తావు?" అని కోచ్ అడిగారు.

"ఇప్పటిదాకా దాక్కున్నాను. ఇప్పుడు పట్టు మార్చుకుంటున్నాను. ఎడమ చెయ్యి కిందకి పెట్టి చూస్తున్నాను. కొన్ని పడుతున్నాయి, కొన్ని పడట్లేదు."

చెప్పినందుకు కోచ్ కృతజ్ఞత తెలిపారు. త్వరలో చెప్తామన్నారు.

ఆ త్వరలో ఎంతకీ రాలేదు. వర్షాలు పట్టాయి, గోదావరి పెరిగింది, లంకల్లో పడవలు తిరిగాయి. రాంబాబు గారు రోజూ ఫోన్ చేసి, "ఏమైనా వచ్చిందాండీ?" అనేవారు. నేను మెయిల్ తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం. చివరికి జవాబొచ్చింది. ఆ చోటు వేరే అమ్మాయికి ఇచ్చారట. హారికకు మేలు జరగాలని కోరుకుంటున్నారట.

రాంబాబు గారు మా ఇంటికొచ్చి చాలాసేపు కూర్చున్నారు. కాఫీ చల్లారిపోయింది. చివరికి అడిగారు. "మనం చెప్పకపోయుంటే ఇచ్చేసేవారు కదండీ?"

"ఇచ్చేవారేమోనండి," అన్నాను. అంతకంటే మెత్తని జవాబు నా దగ్గర లేదు.

ఆయన తలూపి లేచి వెళ్లిపోయారు. ఇక రారనే అనుకున్నాను. ఆయన నన్ను తప్పుపట్టినా నేను కాదనలేను.

అయితే కొద్దిరోజులకి హారికను చూడ్డానికి వెళ్తుంటే ఉప్పలగుప్తంలో మందుల షాపు దగ్గర ఆయన గొంతు వినబడింది. ఎవరో, "ఏమండీ రాంబాబు గారూ, పాప ఎప్పుడెళ్తుందండీ అమెరికా?" అని అడుగుతున్నారు. ఆయన, "ఇంకా తేలలేదండి. దగ్గరి బంతి వేసేటప్పుడు చెయ్యి అదురుతోందండి. కుదుటపడాలి. చూద్దాం," అన్నారు. ఏ దాపరికమూ లేకుండా, చెరువులో నీటి సంగతి చెప్పినంత మామూలుగా చెప్పారు.

హారిక మారడం మొదలైంది ఆ తర్వాతే. అదురు పోలేదు. కానీ దాన్ని దాచే పని పోయింది. పెరట్లో వాళ్లమ్మ చూస్తుండగా, నాన్న చూస్తుండగా చిన్న పట్‌లు వేసేది. తప్పిపోతే, "పోయింది," అని పైకే అని, మళ్లీ బంతి పెట్టేది. దసరా వెళ్లాక బెంగుళూరులో టోర్నమెంట్ ఆడింది. నేనూ వెళ్లాను. రెండుచోట్ల చేయి ఎగిరింది. రెండోసారి నేను కళ్లు మూసుకున్నాను. ఆమె మాత్రం బంతి దగ్గరికి నడిచి వెళ్లి, తర్వాతిది వేసి, స్కోరు చెప్పి ముందుకెళ్లిపోయింది.

ఆ ఆట వీడియో కత్తిరించకుండా కొన్ని కాలేజీలకు పంపాం. తప్పిన పట్‌లు కూడా ఉన్నాయి. కొన్ని చోట్ల నుంచి జవాబే లేదు. ఒక చిన్న కాలేజీ కోచ్ మాత్రం ఫోన్ చేసి, "తప్పిన తర్వాత ఆ అమ్మాయి నడక చూశాను," అన్నారు. జట్టులో చోటు ఇచ్చారు. స్కాలర్‌షిప్పు మొదటి కాలేజీ ఇచ్చేదానికంటే తక్కువే. మిగతాది మార్కుల మీద వచ్చిన సాయంతో, రాంబాబు గారి కష్టంతో కుదిరింది. 2024 ఆగస్టులో హారిక వెళ్లింది. ఇప్పుడు ఒక్కోసారి జట్టు తరఫున టోర్నమెంటుకి వెళ్లే అయిదుగురిలో ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. చేయి ఇప్పటికీ అప్పుడప్పుడు అదురుతుందట. ఆ సంగతి జట్టంతటికీ తెలుసు.

ఈ కేసు తర్వాత నా పని తీరు మారింది. ఇదివరకు కొత్త అమ్మాయి వస్తే ముందు స్కోర్లు అడిగేదాన్ని. ఇప్పుడు అమ్మానాన్నల్ని కింద మావారితో కాఫీ తాగుతూ కూర్చోమని, అమ్మాయిని మేడ మీదికి తీసుకెళ్లి, "ఏ షాట్ అంటే నీకు భయం?" అని అడుగుతాను. అందరూ ముందు, "ఏదీ లేదండి," అంటారు. నేను ఇంకేమీ అడగను. కిటికీ తలుపు తీసి, ఫ్యాను వేసి, ఎదురుగా కూర్చుంటాను. వాళ్లు మాట్లాడేదాకా అలాగే కూర్చుంటాను.