పెద్ద కోతే పెట్టమన్నాను

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. మదీనాగూడ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. గంజి వార్చి, అందరితో పాటు నేనూ పిడికిలెత్తి జై కొట్టాను. కుడి భుజం కీలు ఊడి చెయ్యి వేలాడింది.

మా అత్త బెదరలేదు. నన్ను అక్కడే పడుకోబెట్టి, చంకలో మడమ ఆనించి చెయ్యి గుంజింది. కీలు కూర్చుంది. "చూసిన్రా, దవాఖాన నా కాళ్లల్లనే ఉన్నది," అంది అందరితో.

కీలు అట్లా ఊడడం అది తొమ్మిదోసారి. హైటెక్ సిటీలో ఒక ఆఫీసుకు అద్దాలు తుడిచే పని నాది. పొడుగు కర్ర పట్టి పైదాకా అందుకోవాలి. చెయ్యి నిలవకపోతే పని కూడా నిలవదు.

ఈసారి నొప్పి తగ్గక దవాఖానకు పోయాం. స్కానింగ్ చూసి డాక్టరు, "ఇన్నిసార్లు ఎవరెక్కించారు?" అని అడిగాడు. "నేనే," అంది అత్త గర్వంగా. ఆయన నవ్వలేదు. ఊడిన ప్రతిసారీ, గుంజిన ప్రతిసారీ కీలు కూర్చునే గిన్నె అంచు అరిగిపోయిందన్నాడు.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే ఖరాబు చేసిన్నా బిడ్డా?"

"నువ్వు గుంజకుంటే గప్పుడు ఎవరు గుంజుతుండె అత్తా? ఊకో."

ఆపరేషన్ రెండు రకాలట. చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ కీలు చుట్టూ చిరిగిన పొరను కుట్టడం ఒకటి. ముందువైపు కోసి, పక్క ఎముక ముక్కను తెచ్చి అరిగిన అంచుకు మరలతో బిగించడం రెండోది.

"రంధ్రాలదే చెయ్యిండి సారు, మచ్చ కనబడదు," అన్నాడు మా ఆయన.

"మచ్చ ఎవనికి చూపెట్టాలె?" అన్నాను. "సారూ, గట్ల కుడితే మల్ల ఊడదా?"

"అంచు ఇంత అరిగాక, నీ పనికి మళ్లీ ఊడే భయం ఎక్కువ. కోస్తే గట్టిగా ఉంటుంది. కానీ గాయం పెద్దది, చెయ్యి పక్కకు మునుపటంత తిరగకపోవచ్చు."

"అయితే కొయ్యిండి."

"జర ఆలోచించరాదే," అన్నాడు మా ఆయన.

"ఊడేది నా చెయ్యి. ఆలోచన గూడ నాదే."

ఆపరేషన్ అయ్యాక వారాల తరబడి చెయ్యి జోలెలో ఉంది. తర్వాత నెలల తరబడి కసరత్తు. ఇక పని చేసుకోవచ్చని డాక్టరు చెప్పాకే ఆఫీసుకు పోయాను. సూపర్‌వైజరు నా భుజం వైపు చూసి, "అద్దాలు నీతోని కాదు. చాయ్ కప్పులు కడుగు," అన్నాడు.

"నా చెయ్యి సంగతి మీకేం తెల్సు సార్?"

కర్ర తీసుకుని పై అద్దం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తుడిచాను. రెండోది మొదలుపెట్టేసరికి ఆయన కప్పులు కడగడానికి ఇంకెవరినో పిలుస్తున్నాడు.