పరిగడుపు పరీక్ష

నేను చేసే పని ఏమిటో చెబితే మా వైపు ఊళ్లలో కొందరికి నవ్వొస్తుంది, కొందరికి కోపమొస్తుంది. సూర్యాపేటలో ఒక ఆసుపత్రి వాళ్లు కాలేయం, పిత్తాశయం జబ్బుల మీద పరిశోధన చేస్తున్నారు. ఎవరికి కాలేయంలో కొవ్వు పేరుకుంటోంది, ఎవరికి పిత్తాశయంలో రాళ్లు వస్తున్నాయి, ఎందుకొస్తున్నాయి అన్నది వాళ్లు తేల్చాలి. ఇల్లిల్లూ తిరిగి జనాన్ని ఒప్పించి, రక్తం తీయించి, పరిగడుపున స్కానింగ్‌కు తీసుకురావడం నా వంతు. లివర్ అన్న మాట వినగానే సగం తలుపులు మూసుకునేవి.

"మా ఇంట్ల ఎవ్వలు తాగరమ్మా. గా మూలమీది ఇంటికి పో. గాయనకు పొద్దుగూకితే ఇంటి దారి దొరకది," అని పాలకీడులో ఒక పెద్దమ్మ నన్ను గేటు అవతలి నుంచే పంపించేసింది.

తాగనివాళ్లకూ కాలేయం ఉంటుందని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. చివరికి కోడి నన్ను ఆదుకుంది. "కోడిని కోసినప్పుడు కార్జానికి అంటుకొని పచ్చటి చేదు తిత్తి ఉంటది సూడు, పగిలితే కూరంత చేదయితది. గసొంటిదే మనకూ ఉంటది. అది మంచిగున్నదా లేదా అని సూస్తరు," అంటే ఆడవాళ్లకు టక్కున అర్థమయ్యేది. మా డాక్టరుగారు మొదటిసారి ఈ పాఠం విని నవ్వారు. తర్వాత ఆయన కూడా కోడి దగ్గర నుంచే మొదలుపెట్టడం నేను చెవులారా విన్నాను.

ఈ ఉద్యోగంలో చేరడానికి నాకు జీతం ఒక్కటే కారణం కాదు. మా అమ్మ ఆ తిత్తిలో పుట్టిన క్యాన్సర్‌తోనే పోయింది. కళ్లు పచ్చబడితే కామెర్లన్నారు. పసరు పోయించాం, మెడలో వేర్ల దండ వేయించాం, ఉప్పూ నూనే లేని పత్యం పెట్టాం. పాపం, అమ్మ అన్నిటికీ తలవంచింది. స్కానింగ్ దాకా వెళ్లేసరికి డాక్టర్లు మాతో మాట్లాడడం మానేసి, మా బావను పక్కకు పిలిచి మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ పసరు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

ఊళ్లన్నీ ఒప్పించిన నేను వేములపల్లిలో ఉండే మా సొంత అక్కను ఒప్పించలేకపోయాను. "నాకేమయింది? మంచిగ తింటున్న, మంచిగ పంటున్న. లేని రోగాన్ని పిలిచి కుర్సీ ఏసి కూసోబెట్టాల్నా?" అనేది. అదంతా భయం. అమ్మది మాకూ వస్తుందేమోనని మా ఇద్దరికీ భయమే, ఎప్పుడూ పైకి అనుకోలేదు. చివరికి వాళ్ల ఊళ్లోనే మా పని మొదలైంది. వాడకట్టు ఆడవాళ్లంతా బయల్దేరుతుంటే తానొక్కతే ఆగిపోవడం నామోషీ అనిపించి, సరేనంది.

ఆ రోజు పొద్దున్నే మా బండి అక్క ఇంటి ముందు ఆగింది. ఇంటికొచ్చినవాళ్లను అక్క ఉత్తగా పంపుతుందా? డ్రైవర్‌కూ, రక్తం తీసే అమ్మాయికీ, నాకూ చిక్కటి బర్రెపాల చాయ్ పెట్టింది. చాలా బాగుందని నేనే మెచ్చుకున్నాను. స్కానింగ్‌కు వచ్చేవాళ్లు ఏమీ ముట్టకూడదని వాకిట్లో నిలబడి అందరికీ అరిచి చెప్పాను. అక్కను విడిగా కూడా అడిగాను.

"పరిగడుపునే ఉన్ననే. నీ మీద ఒట్టు," అంది.

సూర్యాపేటలో అక్క వంతు వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అప్పటిదాకా చకచకా చూసేస్తున్న డాక్టరుగారు అక్క పొట్ట మీద ఒకచోట ఆగిపోయారు. పక్కకు తిరగమన్నారు. ఊపిరి బిగపట్టమన్నారు. మళ్లీ వెల్లకిలా పడుకోమన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "పిత్తాశయం ముడుచుకుని ఉంది, గోడ మందంగా కనిపిస్తోంది. పరిగడుపున ఇలా ఉండకూడదు. మీ అమ్మగారి సంగతి కూడా ఉంది కాబట్టి ఇంకోసారి చూపించండి," అన్నారు. అక్క ఆయన వైపు చూడనే లేదు, నా మొహమే చూసింది.

తిరుగు దారిలో బండిలో పక్కవాళ్లకు వినపడకుండా నా చెయ్యి పట్టుకుంది. "అమ్మకొచ్చిందే గదా?"

"కాదు. మళ్ల సూపిద్దం."

"వస్తే నాకే రానియ్యి. నీకు మాత్రం రావద్దు. గదే మొక్కుకున్న," అంది. అలా మొక్కుకున్నందుకు నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకెవరూ దొరకనట్టు నా కోసం చస్తావా అని తిట్టాను. తిడుతూనే ఏడ్చాను.

కోదాడలో మా ఇంటికి చేరాక కూడా నాకు మనసు నిలవలేదు. గోడ మందం కావడానికి కారణాలు బోలెడుంటాయని ఊళ్లవాళ్లకు ధైర్యం చెప్పేదాన్ని నేనే. మా అక్క విషయంలో మాత్రం ఒక్క కారణమే గుర్తొచ్చేది. మా ఆయన కోదాడ మనిషి, దేనికీ తొణకడు. "కంగారు పడబాకు. రెండోసారి చూపిస్తే తేలిపోద్దిగా," అన్నాడు. తేలేదాకా నాతో మాట్లాడకండి అని ఆయన మీద ఎగిరాను. ఆయన తప్పేం లేదు, ఎవరో ఒకరి మీద ఎగరాలి కాబట్టి ఎగిరాను.

మళ్లీ సూర్యాపేటకు రానంటే రానంది అక్క. అందుకని మిర్యాలగూడలో ఒక స్కానింగ్ డాక్టరమ్మ దగ్గరికి బావ తీసుకొచ్చాడు. నేను కోదాడ నుంచి పొద్దుటి బస్సుకే వచ్చేశాను. ఈసారి అక్క భయంతో మంచినీళ్లు కూడా ముట్టలేదట. నేను కూడా ఏమీ ముట్టకుండా ఖాళీ కడుపుతోనే వచ్చానని ఆమెకు చెప్పాను.

డాక్టరమ్మ తాపీగా చూసింది. "ఎవరన్నారు మందంగా ఉందని? నిండుగా, పల్చటి గోడతో చక్కగా ఉంది," అంది. నేను నమ్మలేదు. సూర్యాపేట రిపోర్టు ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ అది చదివి అక్కను అడిగింది.

"ఆ రోజు ఏమన్నా తిని వెళ్లావా అమ్మా?"

"ఏం తినలే మేడం. చాయ్ తాగిన అంతే."

"చాయ్ తాగావా?"

"ఈమెకు, ఈమె బండోళ్లకు పోయంగ గిన్నెల మిగిలింది. గంత చిక్కటి చాయ్ ఎవలన్న పారబోస్తరా? రెండు గ్లాసులయింది. చాయ్ గూడ లెక్కలకొస్తదా మేడం?"

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. చిక్కటి పాల చాయ్ కడుపులో పడితే ఆ తిత్తి పిండుకుని తనలోని పిత్తరసమంతా వదిలేస్తుందని, ముడుచుకున్నప్పుడు గోడ మందంగానే కనిపిస్తుందని చెప్పింది. నాకు తెలియని సంగతేం కాదది. నవ్వాలో, ఏడవాలో, అక్కను అక్కడే నాలుగు తన్నాలో తోచలేదు.

"నిన్నేం జెయ్యాలె అక్కా?"

"నన్నంటవేందే? చాయ్ మంచిగున్నదని నువ్వే గదా అన్నవ్!"

బావ తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకుని, బయట తోపుడు బండి మీద మూడు చాయ్‌లు చెప్పాడు. గుండెల మీది బరువంతా దిగిపోయి, ఆ రైసు మిల్లుల ఊరి దుమ్ము కూడా నాకు ముద్దొచ్చింది. గ్లాసు అందుకుని నోటి దాకా తీసుకెళ్లాను. అక్క నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"నువ్వు తాగకు. నువ్వు ఎన్నడన్న సూపించుకున్నవా?"

అంతమందిని ఆ గది గుమ్మం దాకా నడిపించినదాన్ని, నా వంతు మాత్రం రేపు మాపు అని దాటేస్తూనే వచ్చాను. అక్కకున్న భయమే నాదీనూ.

"పొద్దటి సంది నువ్వు గూడ ఏం ముట్టలేదు. లోపటికి నడువు," అంది అక్క. గ్లాసు లాక్కుని బావ చేతిలో పెట్టింది.

బల్ల మీద పడుకుంటే పొట్ట మీద జెల్ చల్లగా తగిలింది. అమ్మ కూడా ఇలాగే పడుకుని పైకప్పు వైపు చూసి ఉంటుంది. నేను చూడలేక కళ్లు మూసుకున్నాను. "నీదీ బాగానే ఉందమ్మా. రాయి కూడా లేదు," అన్న డాక్టరమ్మ గొంతు వినిపించాకే ఊపిరి వదిలాను. "కాలేయంలో మాత్రం కాస్త కొవ్వుంది. అన్నం తగ్గించి రోజూ నడువు," అని కూడా అంది.

బయటికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తన పరీక్ష బాగా వచ్చినప్పుడు నవ్వుతూ పోట్లాడిన అక్క, నా మాట వినగానే మెట్ల మీద కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కనే కూర్చుని నేనూ ఏడ్చాను. వచ్చేపోయేవాళ్లు ఆగి చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాం.

కాసేపటికి ముక్కు తుడుచుకుని నా వైపు తేరిపార చూసింది. "గా కొవ్వు ఎట్లొచ్చిందే? మొగనికి తెల్వకుండ తాగుతున్నవా ఏంది?"

బావ మళ్లీ వేడి చాయ్ తెచ్చాడు. మొదటి గ్లాసు అక్కే అందుకుని నా చేతిలో పెట్టింది.

"ఇగ తాగు చెల్లె," అంది.