సంచి, కంచం, మా మావయ్య చెవులు

మా మావయ్య ఏ వస్తువునైనా చెవితో కొంటాడు. లోకమంతా రంగు చూస్తుంది, ధర చూస్తుంది. ఆయన వింటాడు. కుర్చీ కొనాలంటే కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, "ఉహుఁ, ఇది ఏడాది తిరక్కుండా ఏడుస్తుంది" అని పక్కదాని దగ్గరికి వెళతాడు. తాళంకప్ప కొనాలంటే దాన్ని చెవికి ఆనించుకుని తిప్పి తిప్పి, కొట్టువాడి సహనం తాళం కూడా ఊడదీస్తాడు. మా ఆయన్ని మొదటిసారి వాళ్లింటికి తీసుకెళ్లినప్పుడు ఆయనకి పాపం జలుబు. మావయ్య రెండు తుమ్ములు విని, "అబ్బాయి మంచివాడే. లోపల ఏదీ దాచుకునే రకం కాదు" అని తేల్చేశాడు. ఆ తుమ్ముల మీదే మా పెళ్లి నిలబడి ఉంది.

ఈ జబ్బు ఉద్యోగంతో అంటుకున్నది. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. గదినిండా మిషన్లు టకటకలాడుతుంటే కళ్లు మూసుకుని కూర్చుని, "కిటికీ పక్కన ఎవరమ్మా, అక్షరం మింగేశావు" అనేవాడు. కాగితం తీసి చూస్తే నిజంగానే ఒక అక్షరం తక్కువుండేది.

ఈమధ్య ఆయనకి ఇంకో వింత అలవాటు పట్టుకుంది. రెండేసిసార్లు భోంచేయడం. ఒకరోజు నా కళ్లారా చూశాను. అప్పుడే తిని చేయి కడుక్కున్నాడు. చెప్పులు వేసుకుని, వంటింట్లోకి ఏదో కేకేసి, గుమ్మంలో నిలబడ్డాడు. అత్తయ్య నిండుగా వడ్డించిన కంచం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఈయన కిక్కురుమనకుండా చెప్పులు విప్పి, కూర్చుని, మళ్లీ మొత్తం తినేశాడు.

"ఇప్పుడేగా మావయ్యా తిన్నావు?"

"ఆకలేసిందే," అన్నాడు పొట్ట నిమురుకుంటూ. వయసు పెరిగితే తిండియావ పెరుగుతుంది కాబోలని సరిపెట్టుకున్నాను.

మా అసలు దిగులు అత్తయ్య గురించి. ఆదివారం సాయంత్రం వాళ్లింట్లో అందరం కలిసి సినిమా చూడడం ఏళ్లనాటి అలవాటు. నవ్వించే సినిమా అంటే అత్తయ్య చెవి కోసుకుంటుంది. అలాంటి మనిషి కొన్నాళ్లుగా సినిమా పెట్టడం ఆలస్యం, "కళ్లు లాగుతున్నాయి, మీరు చూడండి" అని లోపలికి వెళ్లిపోతోంది. ఆమె లేకపోతే ఆ గదిలో నవ్వే పుట్టదు. ఖాళీగా ఉన్న ఆవిడ కుర్చీలో ఎవరు కూర్చోబోయినా మావయ్య కసురుతాడు.

"నీ వల్లే! మధ్యలో ఆపి, ఆ తలుపు చప్పుడు విన్నారా, ఈ గ్లాసు చప్పుడు విన్నారా అని ప్రాణం తీస్తావు. ఆవిడెలా కూర్చుంటుంది?" అని మేమంతా దులిపేశాం.

మర్నాడు ఆయన ఫోన్ చేసి, "హోమ్ థియేటర్ కొంటున్నా. స్పీకర్లన్నిటికీ సౌండు పంచిపెట్టే పెట్టె ఉంటుందే, రిసీవర్, అది మంచిది దొరకాలి. మీ అత్తయ్య మళ్లీ ఆ కుర్చీలో కూర్చోవాలి. నువ్వు రా" అన్నాడు.

కొట్టులో నల్ల గోడల చీకటిగది, మెత్తటి సోఫా, చుట్టూ స్పీకర్లు. టై కట్టిన సేల్స్‌మన్ ఒక హెలికాప్టర్ని వదిలాడు. నా పళ్లు కదిలాయి. మావయ్య రెప్ప కూడా వేయలేదు.

"చూశారా సార్, సరిగ్గా మీ నెత్తిమీద నుంచి వెళ్లింది!"

"ఆఁ?"

"హెలికాప్టర్ సార్!"

"దాన్ని వెళ్లనీ నాయనా, మనకి దాంతో పనేముంది? ఇది పెట్టు," అని జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

చీకట్లో అన్ని స్పీకర్లలోంచీ మా మావయ్య గొంతే గంభీరంగా మోగింది. "సంచి... కంచం... సంచి... సంచి... కంచం."

సేల్స్‌మన్ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"ఇది పాటా సార్?"

"పరీక్ష. ఉహుఁ, దీంట్లో అన్నీ కంచాలే. ఇంకోటి."

ఇంకోటి పెట్టాడు. ఆపైన మరోటి. చివరికి కొట్టులోకెల్లా పెద్దది తెచ్చి, గోడలు అదిరేలా మోగించాడు.

"మోత పెద్దది, మాట చిన్నది," అన్నాడు మావయ్య.

ఈలోగా మిగతా సేల్స్‌మెన్ కూడా చేరారు. ఒకరు సంచి అంటే ఒకరు కంచం అంటూ వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. టై ఆయన నీరసంగా మూలనున్న ఓ మామూలు రిసీవర్ తగిలించాడు. "ఇది కంటికి ఆనదు సార్. కానీ మాటలొచ్చే మధ్య స్పీకర్ని దీంట్లో ఎంతంటే అంత విడిగా పెంచుకోవచ్చు," అని మీట నొక్కాడు.

మావయ్య సోఫాలోంచి ఎగిరి లేచాడు. "సంచి! అదుగో సంచి! ఇది కంచం! మళ్లీ సంచి!" అంటూ సేల్స్‌మన్ని కావలించుకున్నాడు. కారణం తెలియకపోయినా కొట్టంతా చప్పట్లు కొట్టింది.

బిల్లు రాస్తుంటే వెనకనుంచి పిలిచాను. పలకలేదు. దగ్గరికెళ్లి చూస్తే రెండు చెవుల్లోనూ నిండా దూది! లాగి పారేశాను.

"సౌండు వినడానికి వచ్చి చెవుల్లో దూదేంటి మావయ్యా? ఇన్నాళ్లూ మా చెవుల్లో పువ్వులు పెట్టావా?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మీ అత్తయ్యకి ఇలాగే వినపడుతుందే. డాక్టరు దగ్గరికి రమ్మంటే నాకేం చెవుడా అని కోపం. ఎంత దూది పెడితే ఆవిడకి అందని మాట నాకూ అందకుండా పోతుందో ఇంట్లో కూర్చుని సరిచూసుకున్నాను. సినిమాలో జోకు అందక, మీరందరూ నవ్వాక నవ్వాల్సి వస్తోందని లేచిపోతోంది, కళ్లు లాగి కాదు. బజారుకెళ్తూ సంచి అడిగితే కంచం తెస్తుంది. కాదంటే చిన్నబుచ్చుకుంటుంది."

"అందుకని మళ్లీ తినేస్తావా?"

"వంట బాగుంటుంది కదే!"

నాకు నవ్వూ వచ్చింది, ఆ మనిషి మీద పట్టరాని ముద్దూ వచ్చింది.

ఆదివారం అందరం చేరాం. "ఒక్క సీను చూడు, నచ్చకపోతే వెళ్లిపో" అని మావయ్య ఆవిణ్ని బతిమాలి కూర్చోబెట్టాడు. తెరమీద దొంగ ఒకడు, దాక్కున్న బీరువాలోంచే ఇంటాయనకి గుసగుసగా సలహా ఇచ్చాడు. మాకింకా అర్థం కాకముందే అత్తయ్య పకపకా నవ్వింది! ఆవిడ వెనక మేమంతా నవ్వాం. మావయ్య తెర చూడ్డం మానేసి, గెలిచిన రాజులా ఆవిడనే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ చివరిదాకా లేవలేదు.

సినిమా అయిపోయింది. రిసీవర్ని సరిచూడ్డానికి మావయ్య పొద్దున తగిలించిన పెన్‌డ్రైవ్ తియ్యడం ఎవరికీ గుర్తులేదు. ఆ గంభీరమైన గొంతు దానంతటదే మొదలైంది. "సంచి... కంచం... సంచి..."

అత్తయ్య నవ్వు ఆగింది. మావయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆవిడ లేచి లోపలికెళ్లింది.

తిరిగొచ్చినప్పుడు ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో కంచం ఉన్నాయి.

"అయితే ఇన్నాళ్లూ మీరడిగింది సంచా? అడగని తిండి ఎందుకు తిన్నారండీ? రేపే డాక్టరు దగ్గరికి పోదాం. నా చెవులూ, మీ పొట్టా కలిపి చూపిద్దాం," అంది మెల్లగా, పెదవి చివర నవ్వు దాచుకుంటూ. "ఇప్పుడు చెప్పండి, ఏది కావాలి?"

మావయ్య తల పక్కకి వంచి, "ఆఁ?" అన్నాడు.

సినిమా కోసం మళ్లీ పెట్టుకున్న దూది చెవుల్లో అలాగే ఉంది.