చేబ్రోలులో ఆగిన గీత

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో నేను రోజూ ఏలూరులో పాసింజరెక్కి తాడేపల్లిగూడెంలో దిగి, అక్కడి హైస్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే చాలు, మా బండిని పూళ్ళలోనో చేబ్రోలులోనో పక్క లైన్లోకి తోసి ఆపేసేవారు. వారంలో మూడు రోజులైనా బడికి ఆలస్యమయ్యేది. హెడ్మాస్టరుగారు కళ్ళజోడు పైనుంచి చూస్తే "బండి ఆపేశారండి" అనేదాన్ని. ఆయన మంచివారు. నా మాట నమ్మి రిజిస్టరు నా వైపు జరిపేవారు.

ఆ ఏడు గ్రాఫుల పాఠం వచ్చింది. పుస్తకంలోని కార్లెందుకని మన బళ్ళే తీసుకున్నాను. కాలం అడ్డంగా, దూరం నిలువుగా. ఏలూరులో ఎనిమిదింటికి పాసింజరు, గంటకు నలభై కిలోమీటర్లు. పావుగంట తర్వాత ఎక్స్‌ప్రెస్, గంటకు అరవై. బోర్డు మీద రెండు తిన్నని గీతలు గీసి, ఎనిమిదీ నలభై ఐదుకి ముప్పై కిలోమీటర్ల దగ్గర ఎక్స్‌ప్రెస్ దాటిపోతుందని చుక్క పెట్టాను. ఇంత బాగా ఇంకెవరు చెబుతారనుకున్నాను కూడా.

మూడో బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. భీమడోలు దగ్గర రైల్వే గేటు కాసే ఆయన కూతురు. తండ్రికి గూడెం నుంచి అక్కడికి బదిలీ అయినా తను బడి మారలేదు, నా బండిలోనే వచ్చేది.

"అక్కడ దాటడం కుదరదండి, టీచరుగారూ," అంది నెమ్మదిగా. "రెండిటికీ ఒకటే లైను కదండీ. పాసింజరు ఏదో స్టేషన్లో పక్కకి తప్పుకుని ఆగాలండి. అంతసేపూ దాని గీత పడుకోవాలండి."

"నీ బండికి నిద్రొచ్చినట్టుంది, కూర్చో," అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల ఒక్కతే నవ్వకుండా కూర్చుంది.

తర్వాతి వారం యూనిట్ టెస్టు. అందులో ఫస్టొచ్చినవాళ్ళని ఏలూరులో జరిగే లెక్కల పోటీకి పంపాలి. ఆ పిల్లకి దానిమీద ఎంత ఆశో నాకు తెలుసు. బండిలో నా ఎదురుగా కూర్చుని, చేసిన లెక్కలన్నీ చూపించేది. వెళ్తే గెలుస్తుందని నేనే ఒకసారి అన్నాను.

పేపర్లు సాయంత్రం బండిలో దిద్దుతున్నాను. స్పెషల్ క్లాసులుండి నేను ఆలస్యంగా బయల్దేరాను, ఆ పిల్ల ముందు బండికే వెళ్ళిపోయింది. రెండు బళ్ళ లెక్కకి నేనడిగిన జవాబు తను రాసింది, అంతా సరిగ్గానే ఉంది. కింద ఇంకో గ్రాఫు గీసింది. అందులో పాసింజరు గీత కొంత దూరం ఎక్కి, కాసేపు అడ్డంగా సాగి, మళ్ళీ ఎక్కింది. ఆ అడ్డం గీత మీదే ఎక్స్‌ప్రెస్ దాన్ని దాటింది. నాకు ఒళ్ళు మండింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! ఎర్ర పెన్నుతో రెండు గ్రాఫులూ కొట్టేసి, "అనవసరం" అని రాసి, ఐదుకి ఒకటి వేశాను.

అప్పుడు గమనించాను, బండి పూళ్ళలో ఆగి చాలాసేపయిందని. పక్క పట్టాల మీద ఎక్స్‌ప్రెస్ హోరుమంటూ దూసుకుపోయింది. ఒళ్ళోని పేపర్లు ఎగిరితే రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. పైనున్నది ఆ పిల్ల పేపరే.

తల కొట్టేసినట్టయింది. ఏళ్ళ తరబడి రోజూ ఆ అడ్డం గీతలోనే కూర్చుని ఈ బండిని తిట్టుకుంటున్నదాన్ని నేను. పెన్ను చేతిలోనే ఉంది, మార్కు దిద్దడానికి క్షణం పట్టదు. కానీ దిద్దితే క్లాసులో నవ్విన నవ్వు వెనక్కి తీసుకోవాలి. పేపర్లు సంచిలో పెట్టేశాను. తర్వాత రెండు రోజులు సెలవు. ఆ రెండు రోజులూ ఆ సంచి విప్పలేదు.

సోమవారం పేర్లు చదివాను. రెండు మార్కుల తేడాతో ఇంకో పిల్ల ఫస్టొచ్చింది. గేటాయన కూతురు తన పేపరు తీసుకుని, కొట్టేసిన చోటు చూసుకుని, మడిచి పుస్తకంలో పెట్టుకుంది. ఎందుకు కొట్టేశారని అడుగుతుందేమోనని తేలు కుట్టిన దొంగలా గంట కొట్టేదాకా బోర్డు వైపే నిలబడ్డాను.

మర్నాడు భీమడోలులో ఎక్కి, ఎప్పట్లాగే నా ఎదురుగా కూర్చుంది. చేబ్రోలులో బండి ఆగింది. కాసేపటికి ఎక్స్‌ప్రెస్ చప్పుడు వినిపించింది.

"టీచరుగారూ, ఇదేనండి నేను గీసింది," అంది. దెప్పుతున్నట్టు లేదు. పొరపాటు తనదేనేమో, ఎక్కడో చెబుతానేమోనని అడుగుతున్నట్టుంది.

నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించాను. పక్కన మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళతో, టీచరుగారు పడుకున్నారండి, కాస్త మెల్లగా అని ఆ పిల్ల చెప్పడం వినబడింది. గూడెం రాగానే నా చెయ్యి తట్టి లేపింది.

బడికి ఇద్దరం ఆలస్యంగానే చేరాం. హెడ్మాస్టరుగారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

"చేబ్రోలులో ఆపేశారండి," అన్నాను.

ఆయన వెంటనే నమ్మి రిజిస్టరు జరిపారు. నేను సంతకం చేశాను. ఆ పిల్ల నా వెనకే నిలబడి ఉంది.