బంగారి తిన్న రాత్రి

ఇది జరిగింది. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత మొదలుపెడతాను. మీరు నవ్వుకోండి, మధ్యలో లేచి ఇంకో తే తారిక్ టీ తెచ్చుకోండి... కానీ కట్టుకథ అని మాత్రం అనకండి. ఉద్యోగమంతా పేపర్లోనే చేశాను. ఊళ్ళోవాళ్ళు చూశామని చెప్పినవే రాసేవాణ్ణి. ఇది మాత్రం నేను చూశాను. నా పక్కన మా తమ్ముడి కూతురు లత ఉంది. మా అమ్మ మీద ఒట్టు, ఒక్క ముక్క కూడా కలపలేదు.

మా తమ్ముడి ఇల్లు ఇపో ఊళ్ళో. మేడ ఇల్లు, వరసలో చివరిది. వెనకాల సన్నటి సందు. సందు దాటగానే సున్నపురాయి కొండ, గోడలాగా నిట్టనిలువుగా లేచి ఉంటుంది. మేడ మీద వెనక గది కిటికీ తీస్తే కొండ తప్ప ఇంకేమీ కనపడదు. ఆ గది లతది. అందులో ఆమె పాములు పెంచుతుంది.

అవును, పాములే. లైసెన్సు కూడా ఉంది. ఆసుపత్రి లాబ్‌లో పనిచేసే పిల్ల, అన్నీ పద్ధతిగా చేస్తుంది. ఎడమ గోడ పొడుగునా అద్దాల పెట్టెలు, వాటిలో పాములు. కుడి గోడ దగ్గర పెద్ద జాలీ పెట్టెలో తెల్లెలుకలు. పాములకి తిండి అవే. ఎలకలకి తిరగడానికి ఒక చక్రం, తాగడానికి నీళ్ళ సీసా. రెండు గోడల పెట్టెల మధ్యా నాలుగడుగుల ఖాళీ. ఆ ఖాళీలోనే లత మంచం!

తప్పంతా అక్కడే ఉంది, అది లతకీ తెలుసు. పాముల్నీ ఎలకల్నీ ఒకే గదిలో ఉంచకూడదట. పాముకి వాసనే లోకం. పగలూ రాత్రీ ఎలక వాసన తగులుతుంటే దానికి స్థిమితం ఉండదు. కొన్ని ఊరికే అద్దానికేసి కొట్టుకుంటాయి. కొన్ని విసిగిపోయి తినడమే మానేస్తాయి. బంగారి అలా మానేసింది.

బంగారి అంటే బాల్ పైథాన్. కొండచిలువ జాతే కానీ చిన్నది, నెమ్మదైనది. ముదురు గోధుమ రంగు మీద పసుపు మచ్చలు. లత మొదట కొన్న పాము అదే. నెలల తరబడి ఏమీ తినలేదు. వెన్ను మీద ఎముక గట్టులా తేలింది.

మరి ఎలకల్ని కిందకి మార్చవచ్చు కదా? మా మరదలు పార్వతి ఒప్పుకోదు. కింద వంటగది పక్కనే దేవుడి గది. ఆ సాయంత్రం అన్నాలు తింటుంటే పంచాయితీ నా ముందుకొచ్చింది.

"బావగారూ, మీరే సెప్పండి," అంది పార్వతి. "పాముకేమో దండం ఎడతాం. ఎలకేమో ఇనాయకుడిది. ఆ ఎలకని ఈ పాముకి ఎడతాదట. నేను ఎవురి పక్కన నిలబడాలి?"

"ఎవురి పక్కనా వద్దు లా అమ్మా," అంది లత. "ఎలకల్ని కిందకి తేనీ, సాలు."

"సామి గది పక్కన ఎలకలా? బోలే లేదు, కుదరదు."

ఒకరికొకరు తీసిపోరు. నేను చేపల పులుసు మీద దృష్టి పెట్టాను. చివరికి తేలిందేమిటంటే, కౌలాలంపూర్ నుంచి ఒకాయన తెల్లారి వస్తున్నాడు. పాముల్ని బాగా ఎరిగినవాడు. ఆయనింట్లో ఎలకల వాసన లేని గది ఉంది. బంగారిని తీసుకెళ్ళిపోతాడు. లతే ఫోన్ చేసి పిలిచింది. పిలిచిన దగ్గర్నుంచి ఆమెకి సరిగా నిద్ర లేదు.

"ఈ రాత్తిరి తింటే ఉంటాది పెద్దనాన్నా. తిన్న పాముని రెండు రోజులు కదపకూడదు, కక్కేస్తాది. ఆయనే వద్దంటాడు. తినకపోతే... ఎల్లిపోతాది."

అంతే. ఒక్క ఎలక. ఒక్క రాత్రి.

పద్ధతి ఇది. ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా. మూతకి గాలి కన్నాలు. లోపల బంగారి, దానితోపాటు బతికున్న ఎలక ఒకటి. పైన గుడ్డ కప్పి చీకటి చేయాలి. ఇరుకులో, చీకట్లో పాముకి ధైర్యం వచ్చి తింటుందట ఒక్కోసారి. కానీ ఒక ప్రమాదం ఉంది. పాము తినకపోతే ఎలక ఊరుకోదు. పామునే కొరకడం మొదలుపెడుతుంది. లత స్నేహితురాలి పాము అలాగే పోయింది. కాబట్టి ఎవరో ఒకరు మేలుకుని చూస్తుండాలి. మా తమ్ముడు ఫాక్టరీలో నైట్ షిఫ్టు. లత ఆ సాయంత్రమే డ్యూటీ దిగి వచ్చింది, అలిసిపోయి ఉంది. నేనూ కూర్చుంటానన్నాను. నిజం చెప్పనా? నాకు భలే హుషారుగా ఉంది! బాడ్మింటన్ ఫైనల్‌కి ముందు వరసలో కుర్చీ దొరికినట్టు.

ఎలకల పెట్టె ముట్టుకున్నానని లత నా చేత సబ్బుతో చేతులు కడిగించింది. లేకపోతే పాములకి నా చెయ్యి కూడా ఎలకేనట.

ఇద్దరం నేల మీద కూర్చున్నాం. డబ్బా మా మోకాళ్ళ ముందు. లైటు తగ్గించాం. అప్పుడు వినపడ్డాయి గది శబ్దాలు. చక్రం... కిర్ కిర్ కిర్. నీళ్ళ సీసా మూతి దగ్గర గోలీ... టిక్, టిక్. చెక్క పొట్టులో గరగర. అప్పుడప్పుడూ ఎడమవైపు అద్దానికి ఏదో మెత్తగా తగిలి... డుప్. అన్ని పాముల తలలూ కుడివైపుకే, ఎలకలవైపుకే. ఎలకలన్నీ పాములకి దూరంగా, వెనక మూలలో కుప్పగా. రోజూ ఇంతేనట.

లత గుడ్డ కొసెత్తి ఫోన్ వెలుగులో చూసింది. ఎలక ముందుకాళ్ళతో మొహం తుడుచుకుంటోంది. తుడుచుకుని, తాపీగా బంగారి వీపు మీదుగా నడిచి అటు దిగింది. బంగారి తల చుట్టల కింద దాచుకుంది. లత గుడ్డ వదిలేసింది.

వాన మొదలైంది. ఇపో వాన మీకు తెలుసుగా, కొండ మీద కుండలతో గుమ్మరించినట్టు. ఉరుములు. కరెంటు పోయింది. కింద పార్వతి కూడా పడుకుంది. వాన ఎంత హఠాత్తుగా వచ్చిందో అంత హఠాత్తుగా ఆగింది. చూరు నీళ్ళు మాత్రం సందులో పడుతున్నాయి. చీకట్లో చక్రం తిరుగుతూనే ఉంది. కిర్ కిర్ కిర్...

ఆగిపోయింది.

మెల్లగా ఆగలేదండీ. ఎవరో చేత్తో పట్టుకుని ఆపినట్టు ఆగింది. గోలీ చప్పుడు లేదు. పొట్టు చప్పుడు లేదు. గది నిండా అన్ని ప్రాణాలున్నాయి... ఊపిరి కూడా వినపడలేదు.

నేను ఫోన్ వెలుగు వేశాను. ముందు కుడివైపు.

ఎలకలన్నీ జాలీ ముందుకి వచ్చేశాయి. పాములవైపుకి. ఒకదాని మీద ఒకటి ఎక్కి, ముక్కులు జాలీ కన్నాల్లోంచి బయటికి పెట్టి... పాముల దగ్గరికి పోతామన్నట్టు తోసుకుంటున్నాయి. చప్పుడు చేయకుండా.

మెల్లగా... ఎడమవైపు తిప్పాను.

పాములన్నీ తలలెత్తి ఉన్నాయి. ఎలకలవైపు కాదు. కొండవైపు గోడకేసి. ఒక్కదానిదీ నాలుక ఆడటం లేదు. నాలుక ఆడించని పాముని మీరెప్పుడైనా చూశారా? కొయ్యతో చెక్కి పెట్టినట్టున్నాయి.

లత గుడ్డ తీసింది. డబ్బాలో బంగారి చుట్ట చుట్టుకుని ఉంది. చుట్ట మధ్యలో ఎలక. పట్టుబడి కాదు... అదే వెళ్ళి దూరింది. ఒదిగి కూర్చుంది. దాని పైన బంగారి తల, అదీ గోడకేసే.

అప్పుడు వినపడింది.

గోడకి అవతల. ఏదో రాసుకుంటూ... బియ్యం బస్తా ఈడ్చినట్టు... బరువుగా. ఆగింది. మళ్ళీ... ఆగింది. మేడ మీద గది అండీ అది! అవతల నిలబడటానికి సన్‌షేడ్ కూడా లేదు, గాలి తప్ప. నాకు శబ్దం కింది నుంచి పైకి వస్తున్నట్టు తోచింది. కిటికీ అద్దం రెక్కల దాకా వచ్చింది. ఒక రెక్క... టక్... అని చిన్నగా కదిలింది.

లత నా మణికట్టు పట్టుకుంది. చెవి దగ్గర గొణిగింది. "లైటు ఆర్పీ పెద్దనాన్నా. మనల్ని సూస్తాది."

ఆర్పేశాను. ఎందుకు ఆర్పానో తెలియదు. ఎంతసేపు అలా ఉన్నామో కూడా తెలియదు. వాన తడి వాసన, సున్నపురాయి వాసన, ఇంకేదో వాసన... పాత గుహల్లోకి వెళ్తే వస్తుందే, అది. డబ్బా నా మోకాలికి ఆనుకుని ఉంది. గోడ అవతల ఆ బరువు చాలాసేపు ఉండిపోయింది. ఆ తర్వాత... లేదు.

కిర్. కిర్ కిర్ కిర్.

చక్రం! ఒక్కసారిగా గదంతా మళ్ళీ బతికింది. గోలీ, పొట్టు, అద్దానికి డుప్. అంతలో కరెంటు కూడా వచ్చింది. నేను ఎలకలకేసి చూశాను. మళ్ళీ వెనక మూలకి పోయి కుప్పపడ్డాయి. పాములు మళ్ళీ వాటికేసే తిరిగాయి.

లత మాత్రం డబ్బాకేసి చూస్తోంది.

ఎలక లేదు. మూత గట్టిగా పెట్టే ఉంది. బంగారి నడుము దగ్గర చిన్న ఉబ్బు. నోరు మెల్లగా సర్దుకుంటోంది, ఆవులించినట్టు. కానీ చూపు ఇంకా గోడ మీదే.

"తిన్నాది," అంది లత. "తిన్నాది పెద్దనాన్నా." ఆమె ఏడుస్తూ నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం, నోళ్ళు మూసుకుని.

తెల్లారి కౌలాలంపూర్ ఆయన వచ్చాడు. ఉబ్బు చూసి, కదపొద్దు, మీ దగ్గరే ఉంచండి అన్నాడు. టీ తాగుతూ ఒక్క మాట అడిగాడు, ఎలక బాగా అరిచిందా అని. పాము ముందు చుట్టి నొక్కుతుంది కదా, ఎలక అరవకుండా ఉండదు, కొట్టుకోకుండా ఉండదు అన్నాడు. లతా నేనూ మొహాలు చూసుకున్నాం. డబ్బా నా మోకాలికి ఆనుకునే ఉంది. చిన్న కదలిక కూడా తగల్లేదు.

బొంబా వాళ్ళకి ఫోన్ చేశాం. మంటలార్పేది వాళ్ళే, పాములు పట్టేదీ వాళ్ళే కదా. నిచ్చెన వేసి చూశారు. ఎలకల వాసనకి కొండ మీది పెద్ద కొండచిలువ వచ్చి ఉంటుందన్నారు. నాకూ అదే సబబనిపించింది. కానీ గోడకి పట్టిన నాచు ఎక్కడా చెదరలేదు. గీత కూడా లేదు. నిచ్చెన ఆనిన చోట మాత్రం రెండు చారలు పడ్డాయి.

ఇంకొకటి. నేను శబ్దం కింది నుంచి పైకి వచ్చిందంటాను. లత పై నుంచి కిందికి దిగిందంటుంది. ఇద్దరు సాక్షులు ఒకేలా చెప్పరని నాకు తెలుసు, అది నా వృత్తిలో మామూలే. అయినా ఈసారి మామూలుగా తీసుకోలేకపోతున్నాను.

పార్వతికి అంతా చెప్పాం. ఆమె వాదించలేదు. వంటగది వెనక బట్టలారేసే చోట బల్ల సర్ది, ఎలకల పెట్టె అక్కడ పెట్టమంది. ఇప్పుడు గదిలో పాములే ఉన్నాయి. బంగారి ఒళ్ళు చేసింది. వేళకి తింటోంది. చుట్టి, నొక్కి, చప్పుడు చేస్తూ... మామూలు పాములాగా.

మొన్న లత ఫోన్ చేసింది. పాముల సంగతులు చెప్పింది.

"పెద్దనాన్నా, ఆ రాత్తిరి బంగారి ఎలకని తిన్నాదా?" అంది. "గోడవతల దాన్నించి దాసినాదా?"