పొగడని పేరు

ఆ ఏప్రిల్ నెలంతా నోవై అనే ఊళ్లో మా ఇంట్లో నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. మా అమ్మాయికి రెండు కాలేజీల్లో సీటు వచ్చింది. ఒకటి మా ఇంటి నుంచి గంటలోపు డ్రైవ్. రెండోది దేశానికి అటు చివర, ఎడారి పక్కన ఊళ్లో. దానికి విమానం ఎక్కాల్సిందే. నెలాఖరులోగా ఏదో ఒకదానికి సరేనని చెప్పాలి. అడిగితే అది లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా, "డ్రాఫ్ట్ అయ్యాక చెప్తాను అమ్మా. అప్పటిదాకా అడగకు, ప్లీజ్" అనేది.

డ్రాఫ్ట్ అంటే ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ వాళ్ల ఎంపిక. ఏటా ఈ రోజుల్లోనే ప్రొఫెషనల్ జట్లు తమ వంతు వచ్చినప్పుడు కాలేజీ ఆటగాళ్లలోంచి కావలసినవాణ్ని తీసుకుంటాయి. ఏ ఊరు వెళ్లాలో ఎంచుకునే హక్కు ఆటగాడికి ఉండదు, పేరు పిలిచినవాళ్ల వెంట వెళ్లడమే. ఎవరు ఎవర్ని తీసుకుంటారో ముందే ఊహించి చెప్పడం ఇక్కడ పెద్ద వ్యాపకం. మా అమ్మాయికి మిడిల్ స్కూల్ నుంచీ అదే పిచ్చి. దాని ఈడు పిల్లలు సంగీతానికీ కీబోర్డుకీ తిరుగుతుంటే ఇది ఆటగాళ్ల పరుగు వేగాలు, ఎత్తులు, చేతుల పొడవులు ముందేసుకుని కూర్చునేది. చేతుల పొడవు కూడా కొలుస్తారని విన్నప్పుడు నాకు నా పెళ్లిచూపులు గుర్తొచ్చాయి. నన్ను నడిచి చూపించమన్నారు గానీ, పాపం, టేపు తేలేదు.

ఆ దూరపు కాలేజీలో ఆటల లెక్కలనే ఒక చదువుగా చెప్తారట. దగ్గరి కాలేజీలో కంప్యూటర్స్. ఇందులో ఆలోచించడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. అయినా నాకు ధైర్యంగానే ఉండేది. ఎందుకంటే అన్నం తినేటప్పుడు అది మాట్లాడేదల్లా దగ్గరి కాలేజీ గురించే. "అక్కడ ఫుడ్ చాలా బాగుంటదట అమ్మా." "బస్ ఉంది, వీకెండ్స్ వచ్చేయొచ్చు." "లైబ్రరీ చాలా పెద్దది." రెండోదాని ఊసే లేదు. ఇంక భయం దేనికని పగలు నాకు నేనే చెప్పుకునేదాన్ని. మళ్లీ సాయంత్రానికి ఆ ఎడారి ఊరి ఎండ ఎంతో ఫోన్‌లో చూసేదాన్ని.

నేను కార్ల విడిభాగాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఏది ఎప్పుడు చెడిపోతుందో ముందే కనిపెట్టడం నా ఉద్యోగం. అలాంటిదాన్ని నా ఇంట్లో ఏం జరగబోతుందో తెలియకుండా కూర్చోమంటే కూర్చోగలనా. కాలేజీ గురించి అడగొద్దంది కదా, డ్రాఫ్ట్ గురించి అడగొద్దనలేదు. మన రాష్ట్రం జట్టు మొదట ఎవర్ని తీసుకుంటుందో నేనూ చెప్తానన్నాను. మా ఆయన పేపర్ దించి నన్ను చూసి మళ్లీ ఎత్తుకున్నాడు.

మా అమ్మాయి అంకెలు చూస్తుంది. నాకు ఆ అంకెలు ఒంటబట్టలేదు. అందుకని ఆటగాళ్లను ఎంచే జట్టు జనరల్ మేనేజర్ విలేకరులతో మాట్లాడే వీడియోలు పెట్టుకున్నాను. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ, ఆఫీసుకి డ్రైవ్ చేస్తూ ఆయన మాటే విన్నాను. బంతి అందుకుని పరిగెత్తే ఒక కుర్రాణ్ని ఆయన తెగ పొగిడాడు. వాడి వేగం, వాడి వినయం, వాళ్లమ్మ మంచితనం, అన్నీ. మా అమ్మాయి కూడా వాడి పేరే చెప్పింది. దాని అంకెలూ వాణ్నే చూపించాయట, ఊరంతా వాడి పేరే అంటోందట.

నాకు మాత్రం నవ్వొచ్చింది. నేను గుంటూరులో చీరల కొట్లలో పెరిగినదాన్ని. మా అమ్మ తనకు కావలసిన చీర వంక చూసేదే కాదు. అక్కర్లేని నాలుగు చీరలు విప్పించి, అంచు బాగుందని, రంగు బాగుందని మెచ్చుకుని, లేవబోతూ, మూలనున్న దాన్ని కాలి బొటనవేలితో చూపించి "అదెంత? వెలిసిపోయినట్టుందే" అనేది. ఇంటికొచ్చేది ఆ వెలిసిపోయిన చీరే. ఆ విద్య నాకు అబ్బింది. ఇక్కడ మొదటి కారు కొన్నప్పుడు మా ఆయన సీటు నిమురుతూ "అబ్బ, మస్తుంది" అంటే సేల్స్‌మన్ ఎదురుగానే కాలు తొక్కాను. వెనక సీట్లో కూర్చున్న మా అమ్మాయి ఎందుకు తొక్కావని అడిగింది. నచ్చిందని మొహంలో కనబడితే బేరం పోతుందమ్మా అని చెప్పాను. అప్పుడది ఇంకా చిన్నపిల్లల బూస్టర్ సీట్‌లో కూర్చునే వయసు.

కాబట్టి మేనేజర్ పొగిడిన పేర్లన్నీ పక్కన పెట్టాను. ఆయన ఎత్తని పేరు కోసం వెతికాను. జట్టులో ముందు వరసలో గోడలా నిలబడి మనవాళ్లను కాచే భారీ మనిషి ఒకడు కావాలని అందరూ అంటున్నారు. అలాంటివాళ్లలో అందరికంటే మంచివాడి గురించి విలేకరి అడిగితే ఆయన నీళ్లు తాగి, "మంచి ఆటగాడే" అని వేరే మాటలోకి వెళ్లిపోయాడు. నాకంతే చాలు. వెలిసిపోయిన చీర దొరికింది.

"వాణ్నే తీసుకుంటారు, చూడు" అన్నాను.

"నో వే అమ్మా. వాడు వాళ్ల లిస్ట్‌లోనే లేడు."

"పందెమా?"

"నీతో పందెం వద్దు. నువ్వు ఓడిపోతే రూల్స్ మారుస్తావు."

డ్రాఫ్ట్ రోజు సాయంత్రం ఇంకా వెలుతురుండగానే టీవీ పెట్టారు. నేను మిరపకాయ బజ్జీలు వేశాను. అయిపోతే మళ్లీ పిండి కలిపాను. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి కిటికీ దగ్గరికి, అక్కణ్నుంచి టీవీ పక్కనున్న చేపల తొట్టె దాకా తిరిగాను. వేదిక మీద ఒక్కో పేరూ చదువుతున్నకొద్దీ నా నడక వేగం పెరిగింది. డ్రాఫ్ట్ అయిపోతే ఇక నేను అడగొచ్చు, అది చెప్పాలి.

"జర కూసో" అన్నాడు మా ఆయన. "నువ్వు అడ్డం తిరిగితే టీవీ కనబడ్తలేదు."

మా జట్టు వంతు వచ్చింది. ఊరంతా చెప్పిన ఆ పరుగు కుర్రాడు ఇంకా మిగిలే ఉన్నాడు. మా అమ్మాయి రెండు పిడికిళ్లూ బిగించింది. వేదిక మీదికొచ్చినాయన చీటీ చూసి పేరు చదివాడు. గోడలాంటి నా మనిషి పేరు.

మా ఆయన బజ్జీ నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయాడు. మా అమ్మాయి మెల్లగా నా వైపు తిరిగింది. "అమ్మా, నీకెలా తెలుసు?"

నా సంబరం చూడాలి. గరిటె చేతిలో పట్టుకునే చెప్పాను. "ఆయన ఎవర్ని పొగిడాడో మీరంతా విన్నారు. ఎవరి పేరు ఎత్తలేదో నేను విన్నాను. నిజంగా కావలసినదాన్ని ఎవరూ పొగడరే. దాని ఊసే ఎత్తరు. అక్కర్లేనిదాని గురించే బస్సు బాగుంది, భోజనం బాగుంది అని..."

ఆ మాట నా నోట్లోనే ఆగిపోయింది. నేను చీర అంచు అనబోయాను. బస్సు, భోజనం ఎక్కణ్నుంచి వచ్చాయో నాకూ తెలియలేదు.

మా అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు అబద్ధం చెప్పినా అంతే, చెవులే పట్టించేవి. "అయితే నీకు తెలిసిపోయిందా?" అంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి సోఫా అంచున కూలబడ్డాను. నెల రోజులుగా ఊరుపేరు తెలియని మనిషి మౌనాన్ని అంత శ్రద్ధగా విన్నదాన్ని, నా పక్కనే అన్నం తింటున్న పిల్ల మౌనాన్ని వినలేదు.

"నాకెందుకు చెప్పలేదు? వద్దంటాననా?" అన్నాను.

"నువ్వు నో అనవు అమ్మా." "నువ్వు ఎప్పుడూ ఎస్ అంటావు. కానీ బేరం చేస్తావు. డ్యాన్స్ మానేస్తానంటే ఇంకో రెండేళ్లు అన్నావు. డాగ్ కావాలంటే ఫిష్ కొన్నావు. ఇది చెప్తే ఏదో సగం చేసి ఇస్తావు. ఈ ఒక్కటి నాకు ఫుల్‌గా కావాలి. అందుకే లాస్ట్ డే చెప్పేసి యాక్సెప్ట్ అని క్లిక్ చేసేద్దామనుకున్నా."

మా ఆయన టీవీ గొంతు తగ్గించాడు.

అది చెప్పింది నిజమే. అప్పటికే నా నాలుక మీద సగాలు వరస కట్టి ఉన్నాయి. మొదటి ఏడాది ఇక్కడ చదివి తర్వాత మారకూడదా. కంప్యూటర్స్ చదువుతూ ఆటల లెక్కలు పక్కన పెట్టుకోకూడదా. పోనీ, ఎడారి కాకుండా ఇంకాస్త ఇటు వైపు ఏదీ దొరకలేదా. ఒక్కోదాన్నీ మింగాను. బేరమాడకుండా ఊరుకోవడం నాకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. చేతులేం చెయ్యాలో తోచక, లేచి తొట్టె దగ్గరికి వెళ్లాను. కుక్క అడిగితే కొనిచ్చిన చేప, నారింజ రంగుది, అద్దం దాకా వచ్చి నోరు తెరిచింది. రోజూ పొద్దున స్కూల్ బస్సుకు పరిగెత్తే ముందు దానికి మేత వేసేది మా అమ్మాయే.

"ఎప్పుడు వెళ్లాలి?" అని అడిగాను.

"ఆగస్ట్‌లో." ఇంకేదో వస్తుందని అది నా మొహంకేసి చూస్తూనే ఉంది.

"సరే, వెళ్లు" అన్నాను. "చేపను నేను చూసుకుంటాలే."